ఇల్లలికిన చేతులు ఎవరివి?

సంక్రాంతి దగ్గర పడిందంటే స్త్రీల పేజీల్లో ఒక శీర్షిక తప్పకుండా కనిపిస్తుంది. పైసా ఖర్చు లేకుండా ఇంటిని అద్దంలా ఉంచుకోవడం ఎలా అని. వంటింట్లో దొరికే నిమ్మకాయ, చింతపండు, వంట సోడా, ఉప్పు, కుంకుడుకాయలు ఉంటే చాలు, ఇంకేమీ కొనక్కర్లేదంటుంది. చాలాకాలం ఆ పేజీని చదవకుండా తిప్పేసేదాన్ని. సాహిత్యం పాఠాలు చెప్పుకునేదాన్ని, చిట్కాలతో నాకేం పని అనుకునేదాన్ని. ఈమధ్య మాత్రం వాటిని కత్తిరించి దాచుకుంటున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వాటిని ఒక కథనో కవితనో చదివినంత శ్రద్ధగా చదివి చూద్దాం.

ఆ వాక్యాలు ఇలా ఉంటాయి: చింతపండు గుజ్జుతో రుద్దితే రాగిచెంబు తళతళలాడుతుంది. నిమ్మచెక్కతో తోమితే కుళాయి మీది తెల్ల మరకలు వదిలిపోతాయి. వంట సోడా చల్లి కడిగితే సింకు వాసన రాదు. 

ఈ వాక్యాల్లో కర్త ఎవరు? చెంబు తళతళలాడింది. మరకలు వదిలిపోయాయి. వాసన రాలేదు. మరి రుద్దిందెవరు? తోమిందెవరు? కడిగిందెవరు? తెలుగులో కర్త పేరెత్తకుండా వాక్యం రాయడం చాలా సులువు. మామూలుగా అయితే అది మన భాషకున్న సొగసే. కానీ ఇక్కడ ఆ "తే" ప్రత్యయం వెనక ఒక మనిషి నడుం వంచుకుని కూర్చుని ఉంది. ఆమె కనపడకపోవడం వల్లే ఆ వాక్యం అంత హాయిగా, అంత తేలిగ్గా ఉంది. ఇంకో సంగతి గమనించండి. "పది నిమిషాలు నాననివ్వాలి" అని ఉంటుంది గానీ ఎంతసేపు రుద్దాలో ఎక్కడా ఉండదు. వస్తువు తీసుకునే సమయానికి లెక్క ఉంది. మనిషి పెట్టే సమయానికి లెక్క లేదు. పైగా ఈ చిట్కాల కింద రాసినవాళ్ళ పేరు కూడా చాలాసార్లు ఉండదు. పనిచేసే మనిషికి పేరు లేదు, ఆ పని తెలిసిన మనిషికీ పేరు లేదు.

పేరు దగ్గరికి రాగానే మనందరికీ గుర్తొచ్చేది ఈగ కథ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఈగ. కనపడినవాళ్ళనల్లా నా పేరేమిటని అడుగుతూ తిరుగుతుంది. ఒకరు ఇంకొకరిని అడగమంటారు. చివరికి గుర్రం కడుపులోని పిల్ల సకిలింపులో దాని పేరు దానికి దొరుకుతుంది. చిన్నప్పుడు ఈ కథ విని పడీపడీ నవ్వాం. మనకి ఈ కథ చెప్పిన అమ్మమ్మలు కూడా ఇల్లలికిన చేతులు కడుక్కుని వచ్చి కూర్చునే చెప్పారన్న సంగతి అప్పుడు తోచలేదు.

ఆ సంగతి మనకి తోచేలా చేసింది పి. సత్యవతి గారి "ఇల్లలకగానే" కథ. చదువూ చలాకీతనమూ ఉన్న ఒక అమ్మాయి పెళ్ళి చేసుకుని వస్తుంది. ఇదిగో నీ ఇల్లు అని భర్త చూపించగానే కొంగు బిగించి ఇల్లంతా అలికి ముగ్గులు పెడుతుంది. ఆయన భుజం తట్టి మెచ్చుకుంటాడు. ఆ మెప్పుతో అలకడమే జీవితాశయం అయిపోతుంది. కొన్నేళ్ళకి ఒకరోజు హఠాత్తుగా తన పేరేమిటో గుర్తు రాదు. పనిమనిషినీ, పిల్లల్నీ, భర్తనీ అడిగినా లాభం ఉండదు. పుట్టింటికి వెళ్తుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు శారదా అని పిలిస్తే ప్రాణం లేచి వస్తుంది. ఇల్లలకగానే పండగ కాదన్న సామెతని సత్యవతి గారు ఒక తరం ఆడవాళ్ళ ఆత్మకథగా మార్చేశారు. నా క్లాసులో ఈ కథ చెప్పిన ప్రతిసారీ కనీసం ఒక్క అమ్మాయన్నా వెళ్ళి వాళ్ళమ్మని పేరుపెట్టి పిలిచి వస్తుంది. అంత బలమున్న కథ.

అయితే అలికే పని అంటే వట్టి మరుపేనా, అందులో తెలివి లేదా అని నాకు నేనే ఒక ప్రశ్న వేసుకున్నాను. మా అమ్మకి ఏ ఇత్తడి గిన్నెకి చింతపండు కావాలో, ఏ జిడ్డుకి బూడిద కావాలో తెలుసు. ఆమె ఆరో తరగతి దాటలేదు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుందనీ, అది నీళ్ళలో కలిసి క్షారమై నూనె జిడ్డుని కొంతవరకు సబ్బులా మారుస్తుందనీ ఆమెకెవరూ చెప్పలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీద పట్టిన ఆక్సైడు పొరని కరిగిస్తుందనీ, కుంకుడుకాయ నురగకి సాపోనిన్లు కారణమనీ నేను చదువుకుని తెలుసుకున్నాను. ఆమె చేతులతో తెలుసుకుంది. పట్టుచీరకి కుంకుడు రసమే వాడాలనీ, నిమ్మరసం పాలరాతి బండ మీద పడకూడదనీ ఆమె చెప్పేది. ఆమ్లం పాలరాతిని తినేస్తుందన్నది రసాయనశాస్త్రం ఒప్పుకునే మాటే.

ఇది పరీక్షించి, సరిచూసి, కూతురికి అందించిన శాస్త్రం. దీన్ని "బామ్మ చిట్కా" అనేసి ఊరుకోవడంలో ఒక చిన్నచూపు ఉంది. ఈ పేజీల్లోని చిట్కాలన్నీ ఆ పరీక్షకి నిలబడవు కూడా. వంట సోడాలో వెనిగర్ పోయండి, బుసబుసా పొంగుతుంది, మురికంతా పోతుంది అని రాస్తారు. క్షారాన్నీ ఆమ్లాన్నీ ఒకేసారి కలిపితే ఒకదాని శక్తిని ఇంకొకటి హరించేస్తుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడు. మిగిలేది చాలావరకు సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. సోడాతో విడిగా రుద్దితే పని జరుగుతుంది, వెనిగర్‌తో విడిగా కడిగితే పని జరుగుతుంది. కలిపితే జరిగేది ముఖ్యంగా తమాషా. మా అమ్మ ఎప్పుడూ బూడిదనీ చింతపండునీ ఒకే గిన్నెలో కలపలేదు.

కాబట్టి నా పేచీ నిమ్మకాయతో కాదు, "చవక" అన్న మాటతో.

ఏది చవక? బజారులో కొనే పౌడరు కంటే ఇంట్లో మిగిలిన నిమ్మచెక్క చవకే. కానీ పౌడరు రెండు నిమిషాల్లో వదిలించే జిడ్డుకి నిమ్మచెక్కతో పది నిమిషాలు పడితే ఆ ఎనిమిది నిమిషాలు ఎవరివి? ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చిన బయో ఎంజైమ్ సంగతి చూడండి. ఒక వంతు బెల్లం, మూడు వంతుల పండ్ల తొక్కలు, పది వంతుల నీళ్ళు. సీసాలో పోసి మూడు నెలలు పులియబెట్టాలి. మొదటి నెలంతా రోజూ మూత తీసి గాలి వదలాలి, లేకపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది. తర్వాత వడకట్టాలి. ఖర్చు బెల్లం ముక్క మాత్రమే అంటారు. ముప్ఫై రోజులు గుర్తుపెట్టుకుని మూత తీసిన మనిషి ఆ ఖర్చులోకి రాదు.

మన నరసాపురం గురించి మరియా మీస్ రాసిన పుస్తకం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. "లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" 1982లో వచ్చింది. పశ్చిమగోదావరిలో వేలమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని అల్లిన లేసు విదేశాలకి ఎగుమతయ్యేది. వాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అన్నారు. కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ "గృహిణి" అన్న పేరే ఆధారమైందని మీస్ చూపించింది. ఆడదాని సమయాన్ని ముందు తీరిక అని పేరుపెడితే, ఆ తర్వాత అది ఉచితం అయిపోతుంది. "చవకగా ఇల్లు శుభ్రం" అన్న శీర్షిక కింద నడిచేదీ ఈ లెక్కే. ఆ మరుసటి ఏడు, 1983లో, రూత్ ష్వార్ట్స్ కోవన్ అమెరికా ఇళ్ళ గురించి రాస్తూ, యంత్రాలొచ్చినా ఇల్లాలి పనిగంటలు తగ్గలేదనీ, శుభ్రతకి ప్రమాణాలే పెరుగుతూ పోయాయనీ చెప్పింది. యంత్రమైనా నిమ్మకాయైనా ఇల్లు అద్దంలా ఉండాలన్న నియమం మారనంతకాలం ఆ అద్దంలో అలిసిన మొహమే కనపడుతుంది.

మన దేశం లెక్కలే చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళు ఆడవాళ్ళలో 81 శాతం, మగవాళ్ళలో 26 శాతం. ఆ పని చేసిన ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు పట్టింది, చేసిన మగవాళ్ళకి 97. మళ్ళీ 2024లో చేసిన సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి! 

ఇంతవరకు రాసింది నాకు ఇబ్బంది కలిగించని భాగం. చిట్కాలు ఎందుకు కత్తిరించి దాచానో చెప్తానన్నాను కదా. ఇప్పుడు చెప్పాలి.

మా ఇంట్లో పనిచేసే ఆమె చేతులు బాత్‌రూములు కడిగే యాసిడ్ వల్ల పొక్కిపోయాయి. ఒకసారి ఆ యాసిడ్ మీదే బ్లీచింగ్ పౌడరు చల్లింది. ఊపిరాడక దగ్గుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని ఆమెకి తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు. సిగ్గుపడి మర్నాడే సీసాలన్నీ పారేశాను. నిమ్మకాయలు, సోడా, వెనిగర్, కుంకుడుకాయలు తెచ్చిపెట్టాను. వేల రూపాయల విషాలు ఇంట్లోంచి పోయాయని స్నేహితులకి గొప్పగా చెప్పుకున్నాను. పర్యావరణ స్త్రీవాదం మీద ఒక సెమినార్‌లో ఉదాహరణగా కూడా వాడుకున్నాను.

రెండు నెలలకి ఆమే అంది: "అమ్మా, ఆ పౌడరే తెప్పించండి. వీటితో చేతులు లాగేస్తన్నయి."

మాది బోరు నీళ్ళ అపార్ట్‌మెంటు. టైల్స్ మీద, కుళాయిల మీద తెల్లటి ఉప్పు గడ్డకడుతుంది. నిమ్మరసం దాన్ని కరిగిస్తుంది, నిజమే. కానీ నెమ్మదిగా. పూసి, ఆగి, మళ్ళీ పూసి, గట్టిగా రుద్దాలి. ఆమెకి మా ఇంటి తర్వాత ఇంకా మూడిళ్ళున్నాయి. మా ఇంట్లో అరగంట ఆలస్యమైతే నాలుగో ఇంట్లో మాటపడేది ఆమె. అక్కడినుంచి తన ఇంటికెళ్ళి మళ్ళీ ఇవే పనులు జీతం లేకుండా చేసుకునేదీ ఆమే. జీతం మాత్రం నేను పెంచలేదు. ఎందుకు పెంచాలి? పని అదే కదా, సామాను మారింది అంతే! చిట్కాల పేజీ చేసిన లెక్కే నేనూ చేశాను. స్త్రీ శ్రమ గురించి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న నేను, కర్త లేని వాక్యాన్ని నా ఇంట్లో నడిపాను. అప్పటినుంచే ఆ చిట్కాలు కత్తిరించి దాచుకుంటున్నాను, ఎదుటివాళ్ళ తప్పు చూడటానికి కాదు.

ఆ తర్వాత "ఇల్లలకగానే" కథని మళ్ళీ తీసి చదివాను. ఇన్నేళ్ళూ నేను చూడని రెండు చోట్లు కనపడ్డాయి.

ఒకటి, ఎదురింటి బోర్డు. పేరు మర్చిపోయిన ఇల్లాలు కిటికీలోంచి చూస్తే ఎదురింటికి ఒక పేరున్న బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఎం.ఏ., పీహెచ్.డి. చేసిన ప్రిన్సిపాల్ సుహాసిని గారిది. ఆ బోర్డు చూసే ఆమెకి తనకీ ఒక పేరుండాలి కదా అని తోస్తుంది. ఈ కథ చదివేటప్పుడు నన్ను నేను శారదగానే అనుకున్నాను. ఈ పత్రిక చదివే చాలామంది అలాగే అనుకుని ఉంటారు. కానీ మన ఇళ్ళకి బోర్డులున్నాయి. డిగ్రీలున్నాయి. మనం ఎదురింటివాళ్ళం. మరి సుహాసిని గారి ఇల్లెవరు అలుకుతున్నారు? కథ అటు వెళ్ళదు. వెళ్ళనక్కర్లేదు, అది శారద కథ. ఆ ఇంటి తలుపు తట్టవలసింది చదువుతున్న మనం.

రెండు, పనిమనిషి. నా పేరు నీకు తెలుసా అని ఇల్లాలు అడిగితే, అమ్మగార్ల పేర్లతో మాకేం పని, మీరు మాకు ఫలానా ఇంటి అమ్మగారు, అంతే అన్న అర్థంలో ఆమె జవాబు చెబుతుంది. ఆ జవాబుకి ఇదివరకు నవ్వుకున్నాను. ఇప్పుడు గుచ్చుకుంది. ఇల్లాలు తన పేరు అడిగింది గానీ ఆమె పేరు అడగలేదు. కథ ముగిసేసరికి శారదకి పేరు దొరుకుతుంది. ఆమె పేరు మనకి తెలియదు. దీన్ని కథలో లోపంగా చెప్పడం లేదు. ఆ జవాబుని ఆమె నోట పెట్టడంలోనే సత్యవతి గారి చూపు ఉంది. ఇద్దరూ ఒకరికొకరు పేరు లేనివాళ్ళేనని ఆ ఒక్క మాటలో చెప్పారు. వినవలసిన నేను వినలేదు.

ఈ ప్రశ్న నాకు కొత్తగా తట్టిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. దళిత స్త్రీలు 1990ల నుంచీ అడుగుతూనే ఉన్నారు. మీ వంటింటి బందిఖానా గురించి రాస్తున్నారు, ఆ వంటింట్లోకి రానివ్వకుండా పెరట్లోనే అంట్లు తోమించిన మా సంగతేమిటి అని. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన "నల్లపొద్దు" చదివినవాళ్ళెవరూ ఆ ప్రశ్న వినలేదనలేరు. విమల గారి "వంటిల్లు" కవిత గిన్నెలన్నిటి మీదా ఉన్నది నాన్న పేరేనని గుర్తు చేస్తుంది. అది చదివి మా అమ్మ తోమిన గిన్నెలు తలుచుకుని ఏడ్చాను. చింతపండు పెట్టి తోమిన కొద్దీ మెరిసేది ఆ పేరే కదా అనుకున్నాను. ఆ గిన్నెలు మా అమ్మ కంటే ముందు పెరట్లో ఇంకొకామె తోమేదని మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

పేడ సంగతే తీసుకోండి. చవకైన, సహజమైన శుభ్రత అంటే మన పల్లెల్లో మొట్టమొదట పేడే. తెలంగాణలో పెండ అంటారు. వాకిట్లో కళ్ళాపి, ఇంట్లో అలుకు. మా ఊళ్ళో పశువుల కొట్టం ఊడ్చి పేడ ఎత్తి పెరటి గోడ దగ్గర కుప్ప పోసేది మాదిగ పల్లె నుంచి వచ్చే ఒకామె. మా అమ్మ ఆ కుప్పలోంచి తీసుకుని నీళ్ళు కలిపి వంటిల్లు అలికేది. అలికాక ఇల్లు శుద్ధి అయిందనేవాళ్ళు. ఆమె ఎత్తిన పేడ వంటింట్లోకి వచ్చేది. ఆమె గడప దాటకూడదు. పండగ రోజున ఆమెకి పిండివంటలు పెరటి గోడ మీద నుంచే అందించేవాళ్ళం. ఇవాళ పిడకలు పొట్లాలు కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే మన సంప్రదాయంలో ఎంత సైన్సు ఉందో అంటూ కొంటున్నాం. ఆ సంప్రదాయంలో పేడ ఎత్తిన చేతుల్ని ఎక్కడ నిలబెట్టామో ఆ పొట్లం మీద రాసి ఉండదు.

అయితే ఏం చేద్దాం? మళ్ళీ యాసిడ్ సీసాలు తెచ్చుకుందామా? ఆ మాట నేను అనను. నీళ్ళూ మట్టీ అందరివీ. చేతులు కాలేది మళ్ళీ ఆమెవే. చింతపండు మంచిదే. కుంకుడుకాయ మంచిదే. కాకపోతే ఆ మంచితనానికి అదనంగా పట్టే సమయం ఎవరిదో లెక్క వేయాలి. ఆ సమయం జీతం తీసుకునే మనిషిదైతే జీతం పెరగాలి. జీతం లేని ఇల్లాలిదైతే ఆ పనిలో ఇంట్లో మగవాళ్ళకీ వాటా రావాలి. ఇంటిపని కార్మికుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికని ఆమోదించింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ప్రభుత్వం చేసేదాకా మన గడప లోపల చేయగలిగింది మనం చేయకూడదా?

మా ఇంట్లో జరిగిన మార్పు చిన్నదే. ఆమెనే అడిగాను, ఏం కావాలని. నేననుకున్నట్టు పౌడరు ఒక్కటే చెప్పలేదు. పొడుగు కర్ర ఉన్న బ్రష్షు, మోచేతుల దాకా వచ్చే తొడుగులు, ఆదివారం సెలవు అంది. జీతం సంగతి నేనెత్తేదాకా ఎత్తలేదు. బాత్‌రూములు ఇప్పుడు ఆదివారం మా ఆయనా నేనూ కడుగుతున్నాం. ఆయనకి వంతు వచ్చిన మొదటి వారమే, నిమ్మకాయలతో అయ్యే పని కాదిది, ఏదన్నా లిక్విడ్ తెద్దామన్నారు. రెండు నెలలు ఆమె చెప్పలేక మోసిన మాట ఆయన అరగంటలో అనగలిగారు.

ఈ వ్యాసంలో ఆమె పేరు రాద్దామనుకున్నాను. ఇన్ని పేజీలు పేరు గురించి రాసి ఆమెని "ఆమె" అని వదిలేయడం నాకే బాగోలేదు. అడిగాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది, అయినా నేను "నువ్వు" అంటాను, ఆమె "మీరు" అంటుంది. ఆ రోజు మొదటిసారి "మీ పేరు రాయనా" అన్నాను. విచిత్రంగా చూసింది. పేరు రాయొద్దంది. తక్కిన ఇళ్ళవాళ్ళు చదివితే మా ఇంట్లో సెలవిస్తున్నారని తెలిసి గొడవవుతుందట. "నా పేరు మీకు తెలుసు కదమ్మా, చాల్లే" అని, తొడుగులు ఆరేసి వెళ్ళిపోయింది.

ఆరేళ్ళుగా మా ఇంటికొస్తోంది. ఇంటిపేరుతో సహా ఆమె పేరు నాకు తెలిసింది మాత్రం ఈ వ్యాసం మొదలుపెట్టాకే.